మాధ్యమం అన్న చోట ఒక్క గీతే ఉంది

విశాఖ నుంచి వచ్చిన ప్రదర్శన ఫారంలో
పేరు, ఊరు, పుట్టిన ఏడు నింపేశాను.
నర్సాపురం అని రాసేటప్పుడు
చెయ్యి తడుముకోలేదు.
మాధ్యమం అన్న చోట
చూపుడువేలంత గీత ఒకటి. అంతే.

'మిశ్రమం' అని రాస్తే చాలట.
మా ఇంట్లో మిశ్రమం అంటే
తాత పోతురాజు మూకుట్లో కాచేది:
గుగ్గిలం పొడి, చేపనూనె, కాస్త సున్నం.
పలకకీ పలకకీ మధ్య దూది కూరి
దాని మీద అది పూసి
వశిష్టని పడవ బయటే ఉండమనేవాడు.
వినేది కాదు. కొంచెం లోపలికొచ్చి కూర్చునేది.
ఆ కొంచెం తోడిపొయ్యడానికి
ఓ కొబ్బరిచిప్ప ఉండేది.
ఇప్పుడు అందులో నేను బంక కలుపుతాను.

నాన్నమ్మ వరహాలుది లేసు.
షావుకారు దారం తూచి ఇచ్చేవాడు,
అల్లింది తూచి పుచ్చుకునేవాడు.
తులం తగ్గితే
ఆ వారం పులుసులో చింతపండు తగ్గేది.
ఆవిడ అల్లిన పువ్వుల్ని ఏ దేశంలో
ఏ బల్ల మీద పరిచారో,
వాటి మీద ఎవరి సూపు ఒలికిందో.
మా ఇంట్లో రేడియో మీద వెయ్యడానికి కూడా
జానెడు లేసు లేదు.

ఉన్నదల్లా ట్రంకుపెట్టె అడుగున దొరికింది:
సగం అల్లిన చక్రం,
ఆఖరి కంట్లో కొక్కెం అలాగే,
ఎవరో పిలిస్తే లేచి వెళ్ళినట్టు.

నేను మట్టి పోగేస్తాను
హార్లిక్స్ సీసాల్లో, చీటీలంటించి.
'మాధవాయిపాలెం రేవు, ఆషాఢం, ఎర్రనీరొచ్చిన మూడోనాడు.'
'వలందర రేవు, మాఘం, ఉప్పు తేలింది.'
'సఖినేటిపల్లి వైపు, పంటు ఆగే చోటు. డీజిలు కలిసింది, వాసన చూడకు.'
కొన్న రంగులు నా దగ్గర రెండే.
మూడోది, లేసు తెల్లబడ్డానికి
నాన్నమ్మ నీళ్ళలో కలిపే నీలిమందు.

షావుకారుగారి పాత లెక్కల పుస్తకాలు
చిత్తుకాగితాల కొట్లో దొరికాయి, కిలో పద్నాలుగు.
ఆ పేజీల మీద ఒండ్రు పలచగా పోసి
తడి ఆరకముందే లేసు అద్ది
పైన పాత పడవమేకులు పేర్చి
మూడు రాత్రులు వదిలేస్తాను.
ఆ మూడు రాత్రులూ తుప్పుదే పని.
నేను పడుకుంటాను.
లేసు ఎత్తేశాక
దారం ఉన్నచోట గాడి,
కన్ను ఉన్నచోట మట్టిగడ్డ,
ఆ గాడిలోంచి ఎవరిదో గొలుసుకట్టు రాత:
'వరహాలు. దారం నలభై తులాలు. బాకీ మూడు.'
ఆ పేజీ బయటపడ్డ రోజు పని చెయ్యలేదు.
పంటెక్కి అవతలికి పోయి
టీ తాగి, మళ్ళీ అదే పంటు మీద వచ్చాను.

మొన్న అమ్మ వచ్చింది.
నెల పట్టి చేసిన పెద్ద పటం,
నడిమధ్య ఆ సగం చక్రం అచ్చు,
పక్కనే మేకుకి వేలాడుతూ ఆ చక్రమే, కొక్కెంతో సహా.
నది అనీ, వారసత్వం అనీ నేనేదో చెబుతున్నాను.
కళ్ళద్దాలు పైకి తోసుకుని
"ఏడో వరసలో కన్ను తప్పిందే," అంది.
"మట్టిలో కూడా తెలిసిపోతోంది."
నాన్నమ్మ తప్పా అన్నాను.
"మీ నాన్నమ్మ తప్పేదా!
నాది. కాపరానికొచ్చిన కొత్తలో.
ఈ కొక్కెంతోనే వేళ్ళ మీద కొట్టింది.
ఆ తర్వాతెప్పుడో మళ్ళీ పట్టుకుంటే ఏడుపు వినబడింది,
నువ్వో మీ అన్నో.
లేచాను. ఇక కూర్చోలేదు."

నేను కట్టిన వాక్యాలన్నీ
ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
అమ్మ అడక్కుండానే మేకు నుంచి చక్రం తీసింది.
మట్టి పట్టి దారం బిరుసెక్కింది.
గోటితో గీకుతుంటే వశిష్ట పొడిపొడిగా
ఆవిడ ఒళ్ళోకి రాలింది.
తప్పిన కన్ను దాకా విప్పుతుందనుకున్నాను.
విప్పలేదు.

ఫారానికి గడువు శుక్రవారం.
అమ్మ ఇప్పుడే
ఎనిమిదో వరస మొదలెట్టింది.